మళ్ళీ చెప్పు

"బ... బ... బ..." దగ్గరే ఆమె ఆగిపోయింది.

బల్లకి అవతల కూర్చున్న అధికారి ఆమె చేతిలోని కాగితం తీసేసుకున్నాడు. బస్టాండులో ప్రకటనలు చదివే ఉద్యోగానికి వచ్చి, బస్సు అనే మాటే పలకలేకపోతే ఎలాగమ్మా అన్నాడు.

అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. అయినా ఆమెకు ఒళ్ళు మండింది.

ఆమె పనిచేసేది అదే బస్టాండులో, సామాన్లు భద్రపరిచే గదిలో. సంచీ తీసుకోవాలి, చీటీ చింపి ఇవ్వాలి. నోటితో పని లేదు కాబట్టే ఆ ఉద్యోగం దొరికింది. పదకొండేళ్ళుగా మైకులోంచి వచ్చే గొంతు వింటోంది. ఆ గొంతు తనదెందుకు కాకూడదని పదకొండేళ్ళుగా అనుకుంటోంది.

ఇంట్లో బావ పగలబడి నవ్వాడు. నువ్వు బస్సు బయల్దేరుతుందని చెప్పేలోపు అది వెళ్ళి తిరిగొచ్చేస్తుంది అన్నాడు. నవ్వులపాలు కావడమెందుకే, ఉన్న ఉద్యోగం చాలదా అని అమ్మ అడిగింది.

చాలదు.

మర్నాటి నుంచి భోజనాల వేళ, బస్సులు ఆగని చివరి ప్లాట్‌ఫారానికి వెళ్ళి కూర్చుంది. నాలుగు మెతుకులు తిని, కాగితం తీసి పైకి చదవసాగింది. 'ప'తో, 'బ'తో మొదలయ్యే ప్రతి మాటా గొంతులో ముల్లులా అడ్డంపడేది.

పక్క బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆమె కిందామీదా పడి పేజీ పూర్తిచేశాక ఇటు తిరిగాడు.

"మళ్ళీ చెప్పు."

వినపడలేదేమోనని గొంతు పెంచి చదివింది.

"మళ్ళీ చెప్పు."

ఆ పూట నాలుగుసార్లు చదివించాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. బాగుందనడు, బాగాలేదనడు. ఒకసారి ఆమె ఆయన పేరడిగితే నోరు తెరవబోయి, మళ్ళీ మూసుకుని, నవ్వి ఊరుకున్నాడు. ఇదీ వినపడలేదు కాబోలు అనుకుంది. మనసులో ఆయనకు 'చెవిటి తాత' అని పేరు పెట్టుకుంది.

చెవిటివాడికి వినిపించాలంటే అరవాలి. అరవాలంటే నిండా ఊపిరి తీసుకోవాలి. నిండా ఊపిరి తీసుకుంటే 'ప' కాస్త దారిచ్చేది. ఆ సంగతి ఆమెకు నెలకిగానీ తెలిసిరాలేదు.

ఆర్నెల్లకు మళ్ళీ పరీక్ష పెట్టారు. ఈసారి సగం పేజీ దాటింది. అక్కడ నాలుక మడతపడింది. తర్వాతి మనిషిని పిలిచారు.

ఆ మధ్యాహ్నం ఆమె కాగితాన్ని ఉండచుట్టి నేలకేసి కొట్టింది. పెద్దాయన లేచి, దాన్ని తీసి, మోకాలి మీద పెట్టి చదును చేసి, ఆమె వైపు చాచాడు.

"మళ్ళీ చెప్పు."

"చాలు తాతగారూ. ఈ బాధ మీకేం తెలుసు? మీకు చెవులే పనిచేయవు. నా నోటి సంగతి మీకెందుకు?"

ఆయన ముఖం ఎర్రబడింది. కానీ చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆమె కాగితం లాక్కుంది. కోపంతోనే చదివింది. ఆ రోజు తొమ్మిదిసార్లు చదివింది.

మూడో పరీక్షకు వారం ముందు నుంచీ ఆయన రాలేదు. ఏ ఊరో వెళ్ళుంటాడనుకుని, ఖాళీ బెంచీకే వినిపించింది.

పరీక్ష రోజు మొదటి మాట దగ్గరే తడబడింది. అధికారి విసుగ్గా చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంక మానేయమ్మా, అందరికీ అన్నీ రావు అన్నాడు.

"మీరు ఆపమన్నారు సార్, నేను ఆపలేదు," అంది. "మళ్ళీ చెబుతాను."

మైకు దగ్గరకు లాక్కుని, నిండా ఊపిరి తీసుకుని చదివింది. మధ్యలో రెండుచోట్ల తడబడింది. తడబడినచోటే నిలబడి, ఆ మాటనే మళ్ళీ పలికి ముందుకు సాగింది. మైకు ఆపి ఉందనుకున్నారు గానీ, ఆపలేదు. కిటికీ అవతల ఒక ముసలామె ఆ ప్రకటన వింటూనే మూట చంకనెత్తుకుని, తప్పు ప్లాట్‌ఫారం మీంచి సరైనదానికి నడిచింది. తన బస్సు కనపడగానే తృప్తిగా ఎక్కింది.

అధికారి ఆ కిటికీలోంచే చూస్తున్నాడు. ఆమె దరఖాస్తు దగ్గరకు తీసుకుని సంతకం పెట్టాడు.

మూడు వారాలకు ఉద్యోగం ఉత్తర్వు చేతికి రాగానే ఆమె చివరి ప్లాట్‌ఫారానికి పరుగెత్తింది. బెంచీ ఖాళీ. ఊడ్చే అక్కనడిగితే, ఎదురు వీధిలో గడియారాలు బాగుచేసే ఆయనే కదా, పోయి నెలవుతోంది అని చెప్పింది.

దుకాణం మూసి ఉంది. పై వాటాలో ఉన్న ఆయన భార్య ఆమెను చూడగానే, సామాన్ల గది అమ్మాయివి నువ్వేనా అని లోపలికి పిలిచింది. ఆమె ఉత్తర్వు చూపించింది. ఆరోజు అన్న మాట కూడా దాచుకోకుండా చెప్పేసింది. ఆయనకు వినపడదని తెలిసీ నోరు పారేసుకున్నాను, క్షమించమని అడగడానికి లేకుండా పోయారు అంటూ కళ్ళు తుడుచుకుంది.

"ఆయనకి చెవుడేమిటమ్మా? గోడ అవతల గడియారం ఆగినా తెలిసేది."

"మరి ఎప్పుడూ మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు అనేవారెందుకు?"

పెద్దావిడ ఉత్తర్వు మీద చేత్తో నిమిరింది.

"ఒకప్పుడు బడిపంతులు ఉద్యోగానికి వెళితే అందరూ నవ్వారని, ఆ రోజే నోరు కట్టేసుకున్నారు," అంది. "డెబ్భై ఏళ్ళ బతుకులో, నత్తి లేకుండా ఆయన అనగలిగినవి ఆ రెండు మాటలే తల్లీ."