చాప కింద మొక్క

బయల్దేరుదామని దర్జీ చాప ఎత్తాడు. ఇంతసేపూ తను కూర్చున్న చోట, తెల్లపువ్వున్న చిన్న మొక్క ఒకటి కాడ విరిగి నేలకు అతుక్కుపోయి ఉంది.

భార్య వాళ్ల మొక్కల సంఘం పొద్దుటి నుంచి గుట్టంతా జల్లెడ పడుతున్నది దీనికోసమే. అతను డబ్బాలూ నీళ్లూ మోయడానికి ఇవాళే మొదటిసారి వెంట వచ్చాడు.

"అటువైపేమైనా కనిపించిందా అన్నయ్యగారూ?" ఎవరో కేకేశారు.

"అబ్బే, ఏం లేదండీ!" అంటూ ఎండుటాకులు కప్పేశాడు.

దారంతా తేలు కుట్టిన దొంగలా నడిచి, ఇంటి గుమ్మం దగ్గర ఇక ఆగలేక కక్కేశాడు. "మీ మొక్కని తొక్కేసింది నేనేనే. చాప కిందే ఉంది. మీవాళ్లకి నా మొహం ఎలా చూపించను?"

ఆవిడ విప్పిన చెప్పులు గోడవారగా పెట్టింది.

"పోయినేడు పక్క గుట్ట మీద ఈ మొక్కని మావాళ్లకి నేనే చూపించాను. నమూనా కోసమని తలా ఒకటి పీకి అట్టల మధ్య పెట్టుకున్నారు. ఇప్పుడక్కడ ఒక్కటీ లేదు. అందుకే ఇవాళ కనబడగానే పైన చాప అంచు కప్పాను."

"నాకు చెప్పొచ్చుగా!"

"వాళ్ల ముందు ఎలా చెప్పను? అటు జరగండి, అటు జరగండి అని ఎన్నిసార్లు అన్నాను?"

అన్నది నిజమే. "చూశారా, గుట్టెక్కినా నాకీ సాధింపు తప్పలేదు" అని అతను అందరికీ వినబడేలా అంటే, అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే అతను అక్కడే ఇంకాస్త గట్టిగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.