విరగబోయే ముందు

“ఇంకొంచెం తొందరగా బిగించమ్మా,” అన్నాడు ఓబులయ్య, మిషను ఉక్కు చట్రం మీద అరచెయ్యి ఆనించి.

షాహీన్ మీట తిప్పింది. రెండు ఇనుప పలకల మధ్య బొగ్గు దిమ్మె రెండు మూడు క్షణాలు ఓర్చుకుంది. తర్వాత ఢామ్మని పగిలి, అడ్డంగా పెట్టిన అద్దం మీద నల్లపొడి చిమ్మింది.

“ముందుగాల ఏమన్నా చప్పుడు చేసిందా?”

“లేదు తాతా. ఒక్కసారే పోయింది.”

ఓబులయ్య కళ్లు మూసుకుని గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

షాహీన్ మార్కాపురంలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్. బరువు పడే తీరును బట్టి బొగ్గు ఎలా పగులుతుందన్నది ఆమె పరిశోధన. ఆ సంగతి పేపర్లో చూసి, వారం కిందట కొమరోలు నుంచి గోనెసంచి మోసుకొచ్చాడు ఓబులయ్య. సంచి నిండా బొగ్గు పెళ్లలు.

“ముప్పై ఏండ్లు బొగ్గుబాయిలో చేసినానమ్మా, ఆఖర్న మేస్త్రీగా. పైకప్పు కూలకుండా లోపల బొగ్గునే పిల్లర్లుగా వదుల్తారు. అట్లాంటి పిల్లరొకటి కూలి ఆరుమంది పోయినారు. ఇది దాని బొగ్గే. పదకొండేండ్లుగా నా మంచం కిందనే ఉంది. చెప్పకుండా కూలిందా, చెప్పి కూలిందా, అదొక్కటి చూసిపెట్టు.”

ఆరుగురి పేర్లూ వేళ్లు మడిచి చెప్పాడు. చెన్నయ్య పేరు మాత్రం రెండుసార్లు చెప్పాడు. “ఇరవై రెండేండ్లమ్మా వానికి.”

కొడుకై ఉంటాడనుకుంది షాహీన్. పుండు కెలకడం ఇష్టంలేక ఇంకేమీ అడగలేదు. అప్పట్నుంచి రోజూ వస్తున్నాడు ముసలాయన.

“తొందరగా బిగిస్తే గనిలో జరిగినట్టు కాదు తాతా. అక్కడ బరువు మెల్లగా ఎక్కుతుంది. మిగిలిన దిమ్మెను అట్ల చూద్దాం.”

“అట్ల వద్దులేమ్మా. ఇది చాలు.”

“నిజం తెలియొద్దా మరి?”

ఆయన మిషను మీదినుంచి చెయ్యి తీసేశాడు.

షాహీన్ ఆఖరి దిమ్మెకు చప్పుడు పట్టే చిన్న పరికరం అతికించి, స్పీకరు ఆన్ చేసింది. మిషను మెల్లగా బరువు ఎక్కించసాగింది. చాలాసేపు ఏమీ లేదు. ఓబులయ్య తల పక్కకు వాల్చాడు.

“మొదలైంది.”

స్క్రీను మీద గీత కదల్లేదు. ఏమీ లేదని చెప్పబోతుండగా స్పీకరులో ‘టిక్’ మంది. షాహీన్ స్క్రీను వదిలి ఆయన వైపు తిరిగింది.

“ఇప్పుడు,” అన్నాడాయన. టిక్. “మళ్లీ.” టిక్, టిక్.

ఎండుపుల్లలు విరుస్తున్నట్టున్న చప్పుడు రానురాను దట్టమైంది. లోపలినుంచి ఎవరో గోళ్లతో గీరుతున్నట్టు మారింది. నలభై నిమిషాల తర్వాత దిమ్మె నిలువునా రెండుగా చీలింది.

షాహీన్ మిషను ఆపింది. స్పీకరూ కట్టేసింది. గది నిశ్శబ్దమైపోయింది.

“ఆపమ్మా,” అన్నాడు ఓబులయ్య.

“ఆపేశాను తాతా.”

“మరి ఇదేంది, ఇంకా వినపడతాంది?”

షాహీన్ స్పీకరు వైరు పీకేసింది. ఆయన రెండు చెవులూ మూసుకున్నాడు. ఆమె గబగబా నీళ్లు తెచ్చిచ్చింది. ఆయన తాగకుండానే గ్లాసు మిషను పక్కన పెట్టాడు.

“పిల్లరు చెప్పే కూలింది తాతా. చాలాసేపు చప్పుడు చేసే ఉంటుంది. నేను రాసిస్తాను, మా ప్రిన్సిపాల్‌తో సంతకం పెట్టిస్తాను. మీ కొడుకు చావుకు ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సిందే.”

ఓబులయ్య చీలిన దిమ్మె వైపే చూస్తున్నాడు.

“చెన్నయ్య నా కొడుకు కాదమ్మా. ఆ చప్పుడు విని, వానితో కలిపి ఆరుమందీ బయటికి వచ్చేసినారు.”

“వచ్చేశారా? మరి ఎట్ల పోయారు?”

“మళ్లీ లోపలికి పంపింది నేనే.”