డేగ బొమ్మ నాణెం

“జీపెక్కించండి ఎస్సైగారూ! రెండు తగిలిస్తే అదే కక్కుతుంది!” సన్యాసిరావు అరిచాడు.

పనిమనిషి జోగమ్మ అతని కాళ్ల మీద పడింది. “నాను తియ్యలేదు బాబూ! పోయిన అమ్మగారి మీద ఒట్టు!”

పోయింది మామూలు నాణెం కాదు. 1799 నాటి అమెరికా బంగారం, డేగ బొమ్మది. హార్బరుకొచ్చిన ఓ ఓడ కెప్టెన్ దగ్గర సన్యాసిరావు కొన్నాడు.

“జోగమ్మని వదిలెయ్యండి,” కూతురు విమల గదిలోంచి వచ్చింది. “నేనే తీశాను. పాడె ఎత్తేముందు అమ్మ నోట్లో పెట్టాను.”

“ఏటీ? పిచ్చెక్కిందా నీకు?”

“నోట్లో బంగారం వెయ్యాలన్నారు పంతులుగారు. ఇల్లంతా వెతికాను నాన్నా. గాజులు, ముక్కుపుడక, అన్నీ నీ నాణేలైపోయాయి. మెడలో పుస్తెలు కూడా గిల్టువే. బంగారమంటూ మిగిలింది అదొక్కటే.”

“ఓడ రేపెళ్లిపోతుందే, మళ్లీ చేయిస్తాగా” అంటూ భార్య మెడలోంచి పుస్తెలు తీసిన రోజు సన్యాసిరావు కళ్లముందు నిలిచింది. ఆమె ఒక్కసారి కూడా అడగలేదు.

ఎస్సై ఇబ్బందిగా కదిలాడు. “మరి కేసెవరి మీద రాయమంటారు?”

సన్యాసిరావు వంగి జోగమ్మని లేవనెత్తాడు.

“దొంగ ఈ ఇంట్లోవాడే సార్. సన్యాసిరావని రాసుకోండి.”