ఉరుకుందప్ప ఉడకబెట్టిన గుడ్లు

మా వంశంలో మగవాడు పొయ్యి ముందు కూర్చున్న దాఖలా లేదు. మా తాత చిరుతపులిని కంటిచూపుతో కొండెక్కించిన మనిషి. ఆయనా కూర్చోలేదు. వంటింట్లోకి తొంగిచూసిన మగవాడికి మా నాయన వారం రోజులు ముఖం చూపించేవాడు కాదు. నేను ఆ నాయన కొడుకును.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆ ఏడు ఊళ్లో బాలింతలందరికీ జ్వరాలే. ఒక మిట్టమధ్యాహ్నం బెల్లం మూట చంకన పెట్టుకుని వీధిలో పోతున్నాను. ఉరుకుందప్ప మిద్దె కప్పుకున్న గవాచిలోంచి పొగ లేస్తోంది. వాడి భార్య జ్వరంతో ఆసుపత్రిలో ఉంది. ఇంట్లో వాడూ, నెల బిడ్డా తప్ప ఎవరూ లేరు. మరి పొగ ఎక్కడిది?

తలుపు తట్టాను. చాలాసేపటికి గడియ తీశాడు. మీసాల నిండా బూడిద.

“ఏమప్పా, ఏం చేస్తాండావు?”

“ఏం లేదు. గుడ్లు ఉడకబెడతాండా.”

“ఎన్ని?”

“రెండు.”

“అయితే ఒకటి నాది,” అని గడపలోనే కూర్చున్నాను. ఆ ఇంటికి వాకిలి ఒక్కటే. వాడు నన్ను దాటి పోలేడు, నా ముందు పొయ్యి మీది గిన్నె మూత తీయలేడు.

సత్తు గిన్నెలో ఏదో టకటకా కొట్టుకుంటోంది.

“గుడ్లు ఇట్ల మోగుతాయా?”

“నాటుకోడివప్పా. పెంకు శానా గట్టి.”

“నీళ్లు బాగా మరుగుతాండాయా?”

“నీకెందుకు ఆ బాధ? ఇంగా శానా సేపు పడతాది. పోయి రాపో.”

“పడనీ. నాకేం తొందర?”

“పోనీ, ఆ బెల్లం ముక్క ఒకటి పెట్టు. తింటా కూచుందాం.”

“ఇది ఇచ్చేది కాదులే,” అని మూటను ఇంకా గట్టిగా అదిమిపట్టాను.

ఉయ్యాలలో బిడ్డ కదిలింది. ఏడుపు అందుకుంది. ఆకలి ఏడుపు. ఉరుకుందప్ప ఒక చేత్తో ఉయ్యాల ఊపుతున్నాడు, కళ్లు మాత్రం గిన్నె మీదే. బూడిద ముఖం మీద చెమట చారలు కట్టింది. బిడ్డ ఏడ్చి ఏడ్చి వెక్కిళ్లు పెట్టింది. ఇక గొంతు కూడా రాలేదు.

వాడు నా వైపు చూడకుండా మూత తీశాడు. మరిగే నీళ్లలో గాజు పాలసీసా, రబ్బరు పీక.

“నవ్వురా! బాయికాడికి పోయి అందరికీ చెప్పు! సీసా మరగబెట్టకుంటే బిడ్డకు భేదులు పట్టుకుంటాయని నర్సమ్మ చెప్పింది. నాకుండేది ఒక్క బిడ్డ. మొగోడు పొయ్యి కాడ కూచున్నాడని దండోరా కొట్టుకో పో!”

నేను నవ్వలేదు. లేచి లోపలినుంచి గడియ పెట్టాను.

“పొయ్యి ఆర్పొద్దప్పా,” అన్నాను.

ఈ కథలో నేను కల్పించింది ఒక్కటే: చిరుతపులి నిజమే గానీ, ఆ మూటలో ఉన్నది బెల్లం కాదు, మా నాయన కంటపడకుండా చుట్టి తెచ్చిన నా కూతురి పాలసీసా.