నాలుగోసారీ ఆన్ కాలేదు

షాపులో ఫోన్ మోగేసరికి మెకానిక్ అప్పటికే టూల్ బ్యాగు సర్దుకుని కూర్చున్నాడు.

"మళ్లీ ఆ మాస్టారింటి నుంచే," అన్నాడు ఓనరు ఫోన్ పెట్టేసి. "కొత్త హార్డ్ డిస్క్ వేసి పది రోజులు కాలేదు, ఇది నాలుగో కంప్లైంటు. ఆన్ చేస్తే నల్ల తెర తప్ప ఏమీ రావట్లేదట. ఇదేం రిపేరోయ్?"

మెకానిక్ తల దించుకున్నాడు. ఆరేళ్లలో అతని పనికి వంక పెట్టినవాళ్లు లేరు. చచ్చిందనుకున్న కంప్యూటర్ కూడా అతను చెయ్యి వేస్తే లేచి కూర్చుంటుందని పేరు. ఆ పేరు కాస్తా ఈ ఒక్క ఇంటి దగ్గర మట్టిలో కలిసిపోతోంది.

"నువ్వుండు, నేను వెళ్తాలే," అన్నాడు పక్క బల్ల దగ్గరి సీనియర్.

"వద్దన్నా!" అతని గొంతు అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "ఇది నా పరువు సమస్య."

"సరే, ఇదే ఆఖరు," అన్నాడు ఓనరు. "ఇంకొక్కసారి ఫోన్ వచ్చిందో, ఆ గడప నువ్వు తొక్కక్కర్లేదు. సీనియర్ వెళ్తాడు."

మెకానిక్ లేచాడు. గబగబా తల దువ్వుకుని, బ్యాగు భుజాన వేసుకుని, మూడు వీధులూ పరుగులాంటి నడకతో దాటేశాడు.

తలుపు తీసింది మాస్టారే. లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. "రావయ్యా రా! కొత్త అల్లుడు కూడా ఇన్నిసార్లు రాడు."

లోపల ఆయన కూతురు నవ్వు ఆపుకుంటూ కుర్చీ జరిపింది. ఆమె పుస్తకాలకు అట్టబొమ్మలు వేస్తుంది. పనంతా ఆ కంప్యూటర్ మీదే.

"పొద్దున ఆన్ చేశానండీ. నల్ల తెర మీద డిస్క్ కనపడటం లేదంటోంది. టీ తాగి చూస్తారా?"

"ముందు చూడనీవే!" అన్నాడు మాస్టారు. "ఏమయ్యా, మొదటిసారి వైరు వదులన్నావు. రెండోసారి కంప్యూటర్ ఇంకా పాత డిస్కులోనే వెతుక్కుంటోందని, సెట్టింగుల్లో కొత్తదాన్ని ముందు పెట్టావు. మూడోసారి మళ్లీ వైరే. నా కళ్లముందే ఆన్ చేసి చూపించావు, ఆపేసి డబ్బా రేకు బిగించి వెళ్లావు. మర్నాటికల్లా మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి బాగుపడకపోతే దీన్ని అటక మీద పడేసి కొత్తది కొంటాను. నీకూ నాకూ పీడ విరగడవుతుంది."

మెకానిక్ బ్యాగులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. మాస్టారు టార్చి వెలిగించుకుని అతని నెత్తి మీదే నిలబడ్డాడు.

అతను నేల మీద కూర్చుని స్క్రూలు విప్పాడు. పక్క రేకు తీశాడు. హార్డ్ డిస్కుకు ఉండేవి రెండే వైర్లు. ఒకటి కరెంటుది, ఇంకొకటి డేటాది.

రెండూ ఊడి వేలాడుతున్నాయి.

మెకానిక్ ఒక వైరు పట్టుకుని చూశాడు. రెండోది పట్టుకుని చూశాడు. మెల్లగా తల తిప్పి అమ్మాయిని చూశాడు. ఆమె కిటికీ తెర మీది పువ్వుల్ని మహా శ్రద్ధగా చూస్తోంది.

"ఏమైంది?" అన్నాడు మాస్టారు.

"రెండు వైర్లూ ఊడిపోయాయండీ."

"రెండూనా! ఇంత చేతకానివాడివేమయ్యా!"

"అవునండీ, తప్పంతా నాదే," అన్నాడు మెకానిక్. తిట్లు తింటూ ముఖం అంతగా వెలిగిపోయిన మనిషిని మాస్టారు తన సర్వీసు మొత్తంలో చూసి ఎరగడు.

మెకానిక్ రెండు వైర్లూ నొక్కిపెట్టి బిగించాడు. ఈల ఒకటి దానంతటదే వచ్చింది. బటన్ నొక్కగానే తెర మీద సగం రంగులేసిన గాలిపటం మెరిసింది.

"ఇక చెడిపోదుగా?"

"ఈ జన్మలో చెడిపోదండీ!"

"హమ్మయ్య! అయితే ఇక నువ్వు రానక్కర్లేదు."

"రేపు సాయంత్రం వస్తానండీ," అన్నాడు మెకానిక్. "మా అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని."

మాస్టారు నోరు తెరిచాడు. టార్చి ఆర్పడం మరిచిపోయాడు.

"రమ్మనండి నాన్నా," అంది అమ్మాయి, కిటికీ మీంచి చూపు తిప్పకుండానే.

మెకానిక్‌కి ఒక్కసారిగా అంత ధైర్యం ఎలా వచ్చిందంటే, పోయినసారి రేకు బిగించేముందు అతను కావాలని ఊడదీసి వెళ్లింది ఒక్క వైరే మరి.