పుస్తకమా, టాబ్లెట్టా

గ్యారేజీలో నా మొగుడు దస్తగిరి కారు కింద పడుకుంటే, నేను పక్కన స్టూలేసుకుని ఇంగ్లీషు రిపేరు పుస్తకాన్ని తెలుగులో చదివి చెప్తాను. సౌదీలో ఈ రాబిగ్ ఊరొచ్చాక నేను గది దాటేది ఆ పనికే.

నిన్న కఫీల్, అదే గ్యారేజీ యజమాని, టాబ్లెట్ ఇచ్చాడు. అన్నీ అదే తెలుగులో చెప్తుందట.

"పుస్తకమే మేలు. దీనికి గ్రీజు తగిలితే పాడైపోతాది," అన్నాను.

"తుడుచుకుంటాలే షమీమూ. ఇంక నీకీ ఎండలో తిప్పల్లేవు. ఇంట్లో హాయిగా పండుకో," అన్నాడు దస్తగిరి.

ఈరోజంతా కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. మధ్యాహ్నం ఫోనొచ్చింది.

"టాబ్లెట్ ఆఫైపోయిందమ్మీ. చార్జరు యాడా కనపడ్లే. పుస్తకం తీసుకుని బిరీన రా!"

"నేను చెప్తే ఇన్న్యావా?"

చార్జరును నా బ్యాగులో ఇంకాస్త అడుక్కి తోశాను. చెప్పులు పొద్దుటి నుంచీ కాళ్ళకే ఉన్నాయి.