అలిగిన వీరుడు

"సార్, జర దిగుండ్రి. పిల్లలు ఎదురుచూస్తున్నరు." ఒకప్పటి శిష్యుడు, ఇప్పుడు కాలేజీ లెక్చరర్ అయిన ప్రేమ్‌సాగర్ కారు కిటికీ దగ్గర వంగి బతిమాలుతున్నాడు.

పాత గ్రీకు యుద్ధాల్లో వీరుల మర్యాద గురించి మాట్లాడమని, రిటైరైన చరిత్ర మాస్టారు నర్సింలును తాండూరు కాలేజీకి పిలిచారు. ఆయన కోసం తెచ్చిన శాలువాను ఆయన కళ్ల ముందే, చందా ఇచ్చిన నాపరాళ్ల వ్యాపారి బండల సేటుకు కప్పారు. దాంతో ఆయన వేదిక దిగి వచ్చి కారులో కూర్చున్నాడు.

"శాలువలు నాకు బీరువా నిండ ఉన్నయి. గని అది నా పేరు మీద తెచ్చింది గదరా!"

పక్కన కూర్చున్న భార్య పద్మమ్మ నెమ్మదిగా అడిగింది. "ఇయ్యాల ఏం కథ చెప్తనంటిరి?"

"ఒక మహావీరుడు. ఆయనకిచ్చిన బహుమానం రాజు గుంజుకున్నడు. గా మాత్రానికే అలిగి, యుద్ధం ఇడిశిపెట్టి గుడారంల కూసున్నడు. ఎంత అహంకారమో..."

సారు మాట మధ్యలోనే ఆగిపోయింది.

"చెప్పుండ్రి, తర్వాత?" పద్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

సారు కారు దిగాడు. మైకు ముందు కాగితాలు విప్పి, చదవకుండానే మళ్లీ మడిచాడు.

"పిల్లలూ, ముప్పై ఏండ్లు ఆ వీరుడు అహంకారి అనే పాఠం చెప్పిన. ఆయన మనసెంత నొచ్చిందో నాకు ఇయ్యాలే తెలిసింది."